మధుర నుంచి, రామనాథపురం నుంచి

మధుర

అక్కా,

పొద్దున్నే తిరుమల నాయకుని మహలుకి వెళ్ళాను. 1636లో కట్టిన భవనం, ఇప్పుడు మిగిలింది పావు వంతే. అయినా ఆ స్తంభాల పక్కన మనిషి చీమలా కనిపిస్తాడు. నాకు మాత్రం విశ్వనాథవారి నవల ‘ఏకవీర’లోని మనుషులే కళ్ళల్లో మెదిలారు. వస్తూ రైల్లో పూర్తిచేశాను.

కథ నీకు సినిమాగా తెలుసు. కుట్టాన్ సేతుపతి, వీరభూపతి ప్రాణస్నేహితులు. ఒకరు మనసిచ్చిన పిల్ల ఇంకొకరి ఇల్లాలవుతుంది. ఆ ఇల్లాళ్ళే మీనాక్షి, ఏకవీర. ఇందులో దుర్మార్గుడంటూ లేడక్కా! ఉంటే వాణ్ణి నాలుగు తిట్టి పుస్తకం మూసేద్దుము. మాట నిలబెట్టుకోవాలనీ, స్నేహం చెడకూడదనీ అందరూ మంచికే పాకులాడతారు. ఆ మంచితనమే నలుగురినీ నలిపేస్తుంది. చరిత్ర పేరుతో యుద్ధాలు గుప్పించకుండా, ఆనాటి మర్యాద మనుషుల్ని ఎలా కట్టేసిందో చూపించారు. అదే నాకు అసలైన చారిత్రక నవల అనిపించింది. మీనాక్షికి ఇంకొన్ని పుటలు ఇచ్చి ఉండాల్సింది. ఆమె దుఃఖం ఏకవీర దుఃఖానికి తీసిపోదు.

సాయంత్రం వైగై ఒడ్డుకి వెళ్ళాను. నీళ్ళ కంటే ఇసుకే ఎక్కువ.

రామనాథపురం

అక్కా,

సేతుపతులు ఏలిన ఊరు చూడాలనిపించి ఇటు వచ్చాను. రామలింగ విలాసం గోడల నిండా పద్దెనిమిదో శతాబ్దపు చిత్రాలు. తంజావూరు మరాఠాలతో యుద్ధాలు ఉన్నాయి, శృంగార ఘట్టాలూ ఉన్నాయి. బాపిరాజుగారి నవల ‘గోన గన్నారెడ్డి’ అచ్చం ఈ గోడల్లాంటిదే. ఆయన చిత్రకారుడు కదా, నగలూ చీరలూ గుర్రాలూ అన్నీ రంగుల్లో కనిపిస్తాయి. పెళ్ళిలోంచి వరుణ్ణే ఎత్తుకుపోయే ఆ ఎత్తుగడకి నేను ఊపిరి బిగబట్టాను. రుద్రమదేవి కాలపు ఓరుగల్లుని అంత ప్రేమగా రాసినవాళ్ళు అరుదు.

కానీ గన్నారెడ్డి ఎక్కడ ఓడిపోతాడో అన్న బెంగ నాకు ఒక్కసారీ కలగలేదు. అందుకే అతని మీద నాయిక అన్నాంబిక ప్రేమ ముచ్చటగా ఉంది తప్ప గుండెను పట్టలేదు.

పిల్లలకు సెలవుల్లో గన్నారెడ్డి చదివి వినిపించు, ఎగిరి గంతేస్తారు. నువ్వు మాత్రం ముందు ‘ఏకవీర’ చదువు. సినిమా చూశాంలే అని పక్కన పెట్టకు. చదివాక మీనాక్షి గురించి నీకేమనిపించిందో తప్పకుండా రాయి.

నీ తమ్ముడు