తుమ్మితే భయమెందుకు?

ఏడో నెలలో సీమంతం అయ్యాక పురిటికని జహీరాబాద్ వచ్చేశాను. ల్యాప్‌టాప్ కూడా నాతోపాటే వచ్చిందనుకోండి. మొన్నొక రోజు మీటింగ్‌లో ఉండగా గట్టిగా తుమ్మొచ్చింది. రెండు చుక్కలు పడ్డాయి. ఏం పడ్డాయో తల్లులకి చెప్పక్కర్లేదు, మగవాళ్ల కోసం చెప్తున్నా: మూత్రం.

అమ్మకి చెప్తే కూర తరుగుతూనే, "నీకిప్పుడు మొదలైందా? నాకు నువ్వు పుట్టినప్పట్నుంచీ ఉంది" అంది.

ముప్ఫై ఏళ్లు! హైదరాబాద్‌లో మా ఇంటికి రమ్మంటే, వంద కిలోమీటర్లు బస్సులో కూర్చోలేను, నడుం నొప్పి అనేది. రావట్లేదని నేను అలిగేదాన్ని. అసలు సంగతి ఇదన్నమాట.

ప్రతి నెలా నా బరువు, బీపీ, రక్తం అన్నీ చూశారు. ఈ ఒక్కటీ ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఎవరూ రిపోర్ట్ చెయ్యని బగ్ ఉన్నట్టా, లేనట్టా?

మూత్రాశయాన్నీ, గర్భసంచినీ, పేగు చివరనీ కింది నుంచి ఊయలలా మోసే కండరాలని పెల్విక్ ఫ్లోర్ అంటారు. కడుపుతో ఉన్నప్పుడు వాటి మీద భారం పెరుగుతుంది. సిజేరియన్ అయితే ఈ బాధ ఉండదనుకుంటారు గానీ, ముప్పు తగ్గుతుందంతే, పూర్తిగా పోదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. కాబట్టి వాళ్లకీ ఈ మాట అవసరమే.

వీటి బలం ఎలా చూస్తారంటే, మొదటిది ఉత్త ప్రశ్న. దగ్గితే, నవ్వితే పడుతోందా? ఆపుకోగలుగుతున్నావా? దీనికి పైసా ఖర్చు లేదు. రెండోది, మన ఒప్పుకోలుతో డాక్టరో ఫిజియోథెరపిస్టో తొడుగు వేసుకుని లోపల వేలితో చూడటం. బిగించమని చెప్పి, సున్నా నుంచి ఐదు దాకా మార్కులేస్తారు. రక్తస్రావం అవుతున్నా, మాయ కిందికి ఉన్నా, ఉమ్మనీరు పోతున్నా ఇది చెయ్యకూడదు. మూడోది, పట్టు ఎంతుందో కొలిచే పెరినియోమీటర్. కెగెల్ వ్యాయామాల పేరు విన్నారు కదా, 1948లో వాటితోపాటు ఈ పరికరం గురించీ రాసింది ఆ అమెరికా డాక్టర్ ఆర్నాల్డ్ కెగెలే. నాలుగోది, బయట నుంచే అల్ట్రాసౌండ్. మన దగ్గర 1994 లింగనిర్ధారణ నిషేధ చట్టం ఉంది కాబట్టి గర్భిణికి స్కాన్ రిజిస్టరైన చోటే, ఫారం-ఎఫ్ నింపే చెయ్యాలి.

యూట్యూబ్ చూసి వ్యాయామం చేసేస్తే పోలేదా అని నేనూ అనుకున్నా. ఈసారి వెళ్లినప్పుడు సిగ్గు విడిచి అడిగా. డాక్టరమ్మ చూసి, "ఐదుకి రెండు. పైకి లాగమంటే కిందికి ముక్కుతున్నావమ్మా" అంది. అంటే నేను వారం రోజులుగా తిరగేసి చేస్తున్నా! చాలామంది ఇలాగే చేస్తారట. అందుకే ఒకసారి చూపించుకోవడం.

అమ్మ బయట కూర్చుని ఉంది. పిలిచాను. "ఈ వయసులో నాకెందుకే" అంటూనే, సంచి సర్దుకుని లోపలికొచ్చింది. ఏ వయసులోనైనా నేర్చుకోవచ్చని చెప్పి పంపించారు.

ఇప్పుడు ఇద్దరం పొద్దున్నే టీ తాగుతూ లెక్కపెట్టుకుంటున్నాం. బిడ్డ పుట్టాక హైదరాబాద్ వస్తానంది, బస్సులోనే.

ఇంతకీ, మీ అమ్మని ఎప్పుడైనా అడిగారా?