గొట్టం లోపలి లెక్క

"సావనీరుకి ఏదైనా రాసివ్వండి మాస్టారూ, పాఠంలా మాత్రం వద్దు" అన్నాడు యూనియన్ సెక్రటరీ. పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి, పాఠం వద్దంటే ఏం రాయను? పోనీ, మా హైడ్రాలిక్స్ ల్యాబు రికార్డులో ఒక గడి గురించి రాస్తాను. "మీటరు చెప్పినది" అనే గడి పక్కనే "మనం మీటరుకి చెప్పినది" అని ఇంకో గడి గీయిస్తాను. ఎందుకని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు, నేను నవ్వి ఊరుకుంటాను. ఈసారి చెప్పేస్తాను.

ఇదే కాలేజీలో నేను ఫైనలియర్‌లో ఉన్నప్పటి మాట, 2008. గోదావరి ఒడ్డున ఒక ఊరు, పేరుతో పనిలేదు. అక్కడి పంపుహౌసు నుంచి నాలుగు కిలోమీటర్ల అవతల ఊళ్ళో ఉన్న సంపుకి పాత పోత ఇనుప గొట్టంలో నీళ్లు వెళతాయి. ఇక్కడ ఎన్ని బయల్దేరుతున్నాయి, అక్కడ ఎన్ని చేరుతున్నాయి, అదీ మా ప్రాజెక్టు. లైనుకి మీటరు లేదు. గొట్టం కోసి మీటరు బిగిద్దామంటే ఊరికి నీళ్లు ఆపాలి. అంచేత మా గైడుగారు డిపార్టుమెంటుకి కొత్తగా వచ్చిన అల్ట్రాసోనిక్ మీటరు చేతికిచ్చి పంపారు. రెండు సెన్సార్లు, వాటిని కట్టే ఇనుప పట్టీలు, ఒక ట్యూబు గ్రీజు, అంకెలు చూపే చిన్న పెట్టె, అంతే సామాను. గొట్టానికి చిల్లు పెట్టక్కర్లేదు. డాక్టరు స్టెతస్కోపు పెట్టినట్టు పైనుంచే వ్యవహారం.

గోదావరి వాళ్లకి దీని సూత్రం చెప్పడం తేలిక. ఏటివాలుకి పోయే పడవ తొందరగా పోతుంది, ఎదురెక్కే పడవ ఆలస్యంగా వస్తుంది. రెండు ప్రయాణాల కాలం తెలిస్తే ఏటి వేగం చెప్పేయొచ్చు. ఇక్కడ పడవ బదులు శబ్దం, మన చెవికి అందని శబ్దం. కొన్ని స్ఫటికాలని నొక్కితే కరెంటు పుడుతుందని క్యూరీ సోదరులు 1880లో కనిపెట్టారు. తిరగేసి కరెంటు ఇస్తే అవి అదురుతాయి. కాబట్టి ఒక్కో సెన్సారుకి నోరూ అదే, చెవీ అదే. ఒకసారి ఇది పలికితే అది వింటుంది, మరోసారి అది పలికితే ఇది వింటుంది.

లెక్క సులువు కోసం, 300 మిల్లీమీటర్ల గొట్టాన్ని శబ్దం 45 డిగ్రీల ఏటవాలుగా దాటుతోందనుకోండి. దారి 424 మిల్లీమీటర్లు. నీళ్లలో శబ్దం సెకనుకి సుమారు 1,500 మీటర్లు పోతుంది గనక, ఆ దారికి పట్టేది 283 మైక్రోసెకన్లు. నీళ్లు సెకనుకి ఒక మీటరు చొప్పున పారుతుంటే, వాలుకీ ఎదురుకీ వచ్చే తేడా ఎంతో తెలుసా? సెకనుని కోటి ముక్కలు చేస్తే అందులో మూడు ముక్కలు కూడా కాదు! అంత చిన్న తేడాని పట్టుకునే పెట్టె నా చేతిలో ఉంది. ఇరవై ఒకటో ఏట అలాంటిది చేతికొస్తే కళ్లు నెత్తికెక్కడానికి ఇంకేం కావాలి?

పని మాత్రం శాస్త్రోక్తంగానే చేశాను. వంపు దాటాక గొట్టం వ్యాసానికి పది రెట్లు దూరం వదిలాను. పైభాగాన గాలి బుడగలు, అడుగున మడ్డి ఉంటాయి కాబట్టి సెన్సార్లు పక్కన కట్టాను. రంగు గీకి, ఎమరీ పేపరుతో రుద్ది, గ్రీజు పూశాను. టేపుతో చుట్టుకొలత తీస్తే 1,024 మిల్లీమీటర్లు, అంటే బయటి వ్యాసం 326. మందం గేజి గోడ 13 అంది. రెండు పక్కలా తీసేస్తే లోపలి వ్యాసం సరిగ్గా 300. డ్రాయింగులోనూ 300. ఇంకేం! పెట్టెకి 300 అని చెప్పాను.

సిగ్నల్ బలం మాత్రం అరకొరగా చూపించింది. ఇంకాస్త గ్రీజు పూశాను. గ్రీజుతో పోయే జబ్బే అనుకున్నాను.

అంకె నిలిచింది, సెకనుకి 72 లీటర్లు. అవతల సంపు దగ్గర మా స్నేహితుడు టేపూ స్టాప్‌వాచీతో కూర్చున్నాడు. 12 మీటర్లకి 10 మీటర్ల సంపు, బయటికెళ్లే వాల్వు మూసి అరగంట నింపితే నీటిమట్టం 93 సెంటీమీటర్లు లేచింది. అంటే సెకనుకి 62 లీటర్లు. పది లీటర్లు ఏమైనట్టు? నాలుగు కిలోమీటర్లూ నడిచాం. ఎక్కడా తడి లేదు. లీకు కాకపోతే దొంగతనమే కదా! "సుమారు 14 శాతం నీరు దారిలో అక్రమంగా వాడబడుతున్నది" అని డ్రాఫ్టు రిపోర్టులో రాసి ఆఫీసులో ఇచ్చి వచ్చాను. ఆ వాక్యం రాసినప్పుడు నాకెంత గర్వంగా ఉందో!

వారం తర్వాత మళ్లీ వెళితే పంపుహౌసు గట్టు మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు. ఆ లైను చూసుకునే వాల్వ్‌మన్. కాంట్రాక్టు ఉద్యోగం. లైను వెంట ఉన్న తోటలకి దొంగ కనెక్షన్లు ఇప్పించావని ఆయనకి మెమో ఇచ్చారట. జవాబు సరిగ్గా లేకపోతే వచ్చే నెల నుంచి రానక్కర్లేదన్నారట. కోప్పడలేదు. లేచి నిలబడి, "బాబూ, ఆ మాట మిషను చెప్పిందాండీ, తమరు చెప్పారాండీ?" అని అడిగాడు.

"మిషనే చెప్పింది" అన్నాను. గొంతు నాకే కొత్తగా వినిపించింది.

పంపు ఆపరేటరు, రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి, అంతా వింటున్నాడు. "ఇలా రండి బాబూ" అని షెడ్డు వెనక్కి తీసుకెళ్లాడు. కిందటి వేసవిలో అదే లైను రిపేరు చేసినప్పుడు కోసిన గొట్టం ముక్క గడ్డిలో పడుంది. "మీరు పైన కొలిచారు, బానే ఉంది. లోపల చూశారా?"

వంగి చూశాను. లోపలంతా తుప్పు బొడిపెలు, పనసకాయ తొక్కని తిరగేసినట్టు. మందం గేజి ఇనుమునే కొలిచింది గానీ ఈ తుప్పుని కాదు. సిగ్నల్ నీరసానికి కారణమూ ఇదే, బొడిపెలు తగిలి శబ్దం చెదిరిపోతోంది. మీటరు తన భాషలో చెప్పనే చెప్పింది. నేనే గ్రీజు పూసి నోరు మూయించాను.

"బాబాయ్, ఒక స్కేలు ఇస్తారా?" అన్నాను. ఎనిమిది చోట్ల కొలిస్తే సగటు 280 మిల్లీమీటర్లు. 300 ఎక్కడ, 280 ఎక్కడ, పోయింది ఇరవయ్యే కదా అనిపిస్తుంది. కానీ వైశాల్యం వ్యాసపు వర్గాన్ని బట్టి పోతుంది. 280ని 300తో భాగించి వర్గం చేస్తే 0.871. దాంతో 72ని గుణిస్తే 62.7. సంపులో చేరింది 62. మిగిలిన తేడా ఒక శాతం పైచిలుకు, పైనుంచి కట్టే మీటర్లలో మామూలుగా ఉండేదే. అంత దగ్గరగా కుదరడంలో కొంత అదృష్టం ఉందనుకోండి, బొడిపెలు లైనంతా ఒకేలా ఉండవు. కానీ పది లీటర్లని ఎవరూ ఎత్తుకుపోలేదన్నది మాత్రం ఖాయం. అసలవి పంపుహౌసు నుంచి బయల్దేరనే లేదు.

ఆ మధ్యాహ్నమే ఆఫీసుకి వెళ్లాను. తప్పు నాదేనని కాగితం మీద రాసిచ్చాను. "ముందే చూసుకోవద్దటయ్యా?" అన్నారు ఇంజనీరుగారు. అంతకన్నా ఏం అంటారు! మెమో వెనక్కి తీసుకున్నారు. వాల్వ్‌మన్‌కి చెబితే "సరేనండి" అని తాళాల గుత్తి తీసుకుని లైను మీదికి వెళ్లిపోయాడు. థాంక్స్ చెప్పలేదు. ఎందుకు చెప్పాలి?

ఆ మీటరు అబద్ధం ఆడలేదు మిత్రులారా. ధ్వని తిరిగొచ్చిన కాలం అది కొలిచింది. గొట్టం ఎంత గుల్లో నేను చెప్పాను. రెండూ కలిపి 72 వచ్చింది. ఆ రోజు ఆయన అడిగినదానికి సరైన జవాబు "ఇద్దరం కలిసి చెప్పాం" అని. అది నోటికి రావడానికి నాకు ఒక తుప్పు గొట్టం ముక్క కావలసివచ్చింది.

ఆ ముక్కలోంచి జానెడు కోయించి తెచ్చుకున్నాను. ఇప్పుడు ల్యాబులో కిటికీ దగ్గర ఉన్నది అదే. సుద్దముక్కలు పెట్టుకోవడానికి అనుకుంటారు పిల్లలు. రెండో గడి నింపే ముందు ఒకసారి అందులోకి తొంగి చూడండి.