చెక్క పోయింది, కాంక్రీటు నిలిచింది

2022 డిసెంబరు 9 రాత్రి మాండౌస్ తుపాను మహాబలిపురం దగ్గర తీరం దాటింది. విరిగిపడ్డ చెట్లు తొలగించి రోడ్డు తెరవగానే నేనూ మా అమ్మాయీ బండి మీద ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) పట్టుకొని బయల్దేరాం. చెన్నై దగ్గరి కోవళానికీ మహాబలిపురానికీ మధ్య ఒడ్డు పొడవునా జాలరిపల్లెలు ఉంటాయి. అందులో ఒకదాంట్లో మా అమ్మాయి సర్ఫింగ్ నేర్చుకొనేది. ఆ పల్లె పేరు రాయను. నా రాత వల్ల అక్కడి పిల్లలకు ఏ ఇబ్బందీ రాకూడదు.

మేం వెళ్ళేసరికి కొన్ని పడవలు తిరగబడి ఉన్నాయి. వలలు ఇసుకలో కూరుకుపోయాయి. పెద్దవాళ్ళు ఇంజన్లు విప్పి తుడుచుకుంటున్నారు. పిల్లలు మాత్రం ఒకచోట గుమికూడి నిలబడ్డారు. వాళ్ళు స్కేట్‌బోర్డు నేర్చుకుంటున్న చెక్క ర్యాంపు అక్కడ లేదు. మేకులు పొడుచుకొచ్చిన దుంగ ఒకటి, ఉబ్బి పొరలు విడిపోయిన ప్లైవుడ్ ముక్కలు రెండు మూడు మిగిలాయి.

నిజానికి ఆ ర్యాంపు తుపానుకు ముందే సగం చచ్చింది. ఉప్పుగాలికి మేకు నిలవదు, ప్లైవుడ్ అసలే నిలవదు. వానాకాలం వెళ్ళిన ప్రతిసారీ ఎవరో ఒకరు పలకలు కొనిచ్చేవారు, పిల్లలు అతుకులు వేసుకొనేవారు. ఆ ఎవరో ఒకరు వస్తారో రారో అన్న దిగులు వాళ్ళ ముఖాల్లో నేను చాలాసార్లు చూశాను. ఆ రోజు ఒక పిల్ల నా దగ్గరకొచ్చి, "అణ్ణా, నువ్వు ఇంజనీరువి కదా, సిమెంటుతో కట్టకూడదా?" అంది.

మాది రాజపాళయం. మా ఊరికి సముద్రం లేదు. పడమట కనుమలు, చుట్టూ మామిడితోటలు, ఊరి నిండా నూలు మిల్లులు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. విజయనగర కాలంలో దక్షిణానికి వచ్చిన రాజుల కుటుంబాలు మావి. మా ఊరి పి.ఎ.సి. రామసామి రాజా 1930లలో నూలు మిల్లు పెట్టారు, 1960ల ఆరంభంలో విరుదునగర్ దగ్గర సిమెంటు ఫ్యాక్టరీ నడిపించారు. మా నాన్న పనిచేసి రిటైరయింది అక్కడే. సిమెంటు బూడిదరంగు అంటిన చొక్కాలు చూస్తూ పెరిగినవాణ్ణి. ఆ పిల్ల అడిగినదానికి కుదరదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

స్కేట్‌బోర్డు పుట్టిందే సముద్రపు ఒడ్డున. 1950లలో కాలిఫోర్నియా సర్ఫర్లు అలలు లేని రోజుల్లో చెక్కకు చక్రాలు బిగించి వీధుల్లో తిరిగారు. 1976, 77ల కరువులో అక్కడి ఇళ్ళలో ఈత కొలనులు ఎండిపోతే ఆ ఖాళీ కొలనుల్లోకి దిగారు. ఈనాటి స్కేట్ పార్కుల్లో బౌల్ అనే లోతైన గుంటకు ఆ గుండ్రని అంచులు అలా వచ్చాయి. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో స్కేట్‌బోర్డింగ్ తొలిసారి పోటీ అయింది. జపాన్ అమ్మాయి మోమిజి నిషియా 13 ఏళ్ళకే బంగారు పతకం గెలిచింది. 2022లో గుజరాత్‌లో జరిగిన జాతీయ క్రీడల్లోనూ చేర్చారు. మా జాలరిపల్లె పిల్లలు ఇవన్నీ ఫోన్లో చూసినవాళ్ళే. కానీ వాళ్ళకు అసలు దేవత పక్కనే ఉంది. మహాబలిపురం జాలరి కుటుంబంలో పుట్టిన కమలి, చెప్పుల్లేని కాళ్ళతో ర్యాంపు దిగిన పిల్ల. ఆమె మీద సాషా రెయిన్‌బో తీసిన 'కమలి' అనే చిన్న డాక్యుమెంటరీ 2020లో బాఫ్టా అవార్డుకు నామినేట్ అయింది. ఆ సినిమా చూశాకే ఈ పల్లెలో ఆడపిల్లలు బోర్డు ఎక్కారు.

స్థలం దగ్గర మొదలైంది అసలు కథ. ఒడ్డున పక్కా కట్టడం కుదరదు. తీర ప్రాంత నియంత్రణ నిబంధనలు 1991 నుంచి ఉన్నాయి. పోటు నీరు ఎక్కే గీత నుంచి 500 మీటర్ల దాకా ఏది కట్టాలన్నా చట్టం చూసుకోవాలి. ఆ చట్టం మంచిదనే నా నమ్మకం. ఒడ్డు జాలర్లదిగా మిగలాలంటే అది ఉండాలి. మహాబలిపురం వైపు వెళితే పురాతన కట్టడాల చుట్టూ 100 మీటర్ల నిషేధం, ఆపైన మరో 200 మీటర్ల ఆంక్షలు. అందుకని రోడ్డుకు పడమట, 2004 సునామీ తర్వాత కట్టిన కాలనీ పక్కనున్న పంచాయతీ పోరంబోకు మీద మా కన్ను పడింది.

ఈలోగా దగ్గర్లోని ఒక రిసార్టు యజమాని కబురు పంపాడు. తన ఆవరణలో మొత్తం తన ఖర్చుతో కట్టిస్తానన్నాడు. పల్లె పిల్లలకు వారానికి రెండు పూటలు ఉచితం, మిగతా రోజులు అతిథులకు. పని తలకెత్తుకున్న మాలో చాలామంది ఒప్పుకుందామన్నారు. డబ్బు బాధ తీరుతుంది, అనుమతుల గొడవ ఉండదు. నాకెందుకో మనసొప్పలేదు.

2023 జనవరి 26న గ్రామసభ జరిగింది. అక్కడ ముందు మాకు ఎదురే తగిలింది. ఆ పోరంబోకులో చేపలు ఎండబెట్టుకొనే గచ్చు కావాలని ఆడవాళ్ళు ఎన్నో ఏళ్ళుగా అడుగుతున్నారు. వాళ్ళది ముందు తీర్చాల్సిన అవసరం. నేను కాగితాలు పట్టుకొని మాట్లాడలేక నిలబడ్డాను. అప్పుడు బుట్ట పక్కన పెట్టుకొని కూర్చున్న ఒక పెద్దావిడ లేచింది. చేపలమ్మే ఆమె, మనవరాలు బోర్డు ఎక్కుతుంది. ఆమె తమిళంలో అన్న మాటలు దాదాపు ఇలాగే గుర్తున్నాయి: "గచ్చు కావాలి, గుంటా కావాలి. రెండిటికీ చోటుంది, కొలిచి చూడండి. రిసార్టులో అయితే వాచ్‌మన్ లోపలికి రానిస్తేనే నా మనవరాలు ఆడుతుంది. మనం పంచాయతీ నేలలో కడితే దాన్ని పొమ్మనేవాడు ఎవడు?"

టేపు తెచ్చి అక్కడికక్కడే కొలిచాం. తూర్పు సగం గచ్చుకు, పడమటి సగం పిల్లలకు. తీర్మానం రాసుకున్నారు. ఆ తర్వాత ఒక ఆఫీసులో మా ఫైలు నెలల తరబడి బల్ల మీదే ఉంది. నీళ్ళు లేని ఈతకొలనుకు అనుమతి ఎందుకని అడిగిన గుమాస్తాకు నేను ఫోన్లో వీడియోలు చూపించాల్సి వచ్చింది. అదంతా రాస్తే చాలా అవుతుంది, వదిలేస్తాను.

డబ్బు ఎక్కడెక్కడి నుంచో వచ్చింది. సర్ఫింగ్ నేర్చుకొనే పిల్లల తల్లిదండ్రులు ఇచ్చారు, పల్లెలో పడవకు ఇంతని చందా వేశారు, కంకర ఒకరు తోలించారు. బెంగళూరు నుంచి స్కేటర్లు వచ్చి కాలనీలోనే పడుకొని పనిచేశారు. ఇలా చేతులు కలిపి కట్టుకోవడం మన దేశంలో కొత్త కాదు. 2015లో మధ్యప్రదేశ్‌లోని పన్నా జిల్లా జన్వార్ గ్రామంలో ఉల్రికె రైన్‌హార్డ్ అనే జర్మన్ మహిళ ఇలాగే స్కేట్ పార్కు కట్టించింది. బడికి రాకపోతే స్కేటింగ్ లేదు, ఆడపిల్లలదే ముందు వంతు అని అక్కడ రెండు నియమాలు. ఆ పల్లె నుంచి ఆశా గోండ్ 2018లో చైనాలో జరిగిన ప్రపంచ పోటీల దాకా వెళ్ళింది. రాజస్థాన్‌లోని ఖేమ్‌పూర్‌లో 'స్కేటర్ గర్ల్' సినిమా కోసం మంజరీ మాకిజానీ కట్టించిన పార్కును షూటింగు అయ్యాక కూల్చకుండా ఊరివాళ్ళకే వదిలేశారు. 'షోలే'లో సాంబాగా వేసిన మాక్ మోహన్ కూతురు ఆమె. సెట్టును ఊరికి పార్కుగా మిగల్చడం, నా దృష్టిలో, ఆ సినిమా కంటే పెద్ద పని.

ఉప్పుగాలిలో కాంక్రీటు అంటే పట్టణంలో ఇల్లు కట్టినట్టు కాదు. గాలిలోని ఉప్పు సన్నటి రంధ్రాల్లోంచి లోపలికి దిగి ఇనుమును తుప్పు పట్టిస్తుంది. తుప్పు పట్టిన ఊచ ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. మన దేశపు కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం సముద్ర వాతావరణం నేరుగా తగిలేచోట కనీసం ఎం30 కాంక్రీటు వాడాలి, నీరు సిమెంటులో 0.45 వంతు మించకూడదు, ఊచ మీద 45 మిల్లీమీటర్ల కాంక్రీటు పొర (కవరు) ఉండాలి. పల్లెలో ఇళ్ళు కట్టేవాళ్ళు ఈ మూడూ పాటించరు, అందుకే పదేళ్ళకే స్లాబు పెచ్చులూడుతుంది. మేం పాటించాం. సముద్రపు ఇసుక ఒక్క గంప కూడా కలవనివ్వలేదు.

మేస్త్రి శ్రీకాకుళం మనిషి. చెన్నై చుట్టుపక్కల కట్టడాల్లో ఆ జిల్లా వాళ్ళు ఎందరో పనిచేస్తుంటారు. నా రాజపాళయం తెలుగు విని మొదట్లో కాసేపు తేరిపార చూశాడు, ఆ తర్వాత నన్ను సొంత మనిషిలా చూసుకున్నాడు. నక్షా చూసి, "బావూ, గోడ కట్టమంటే కడతాను, పలక పొయ్యమంటే పోస్తాను. ఇది గోడా కాదు, పలకా కాదు. ఏటిది?" అన్నాడు.

ప్లైవుడ్‌ను వంపుగా కోసి అరలు అరలుగా నిలబెట్టాం. నాలుగడుగుల ఎత్తుకు ఆరడుగుల రేడియస్ వంపు. పై అంచున రెండంగుళాల జీఐ పైపు, కోపింగ్ అంటారు దాన్ని. బోర్డు దాని మీద రుద్దుకుంటూ జారాలి కాబట్టి కాంక్రీటు కంటే ఒక్క పిసరు బయటికి ఉండాలి. ఎక్కువైతే చక్రం తట్టుకుంటుంది, తక్కువైతే పిల్లవాడికి అంచు తెలియదు. కాంక్రీటును చిమ్మే యంత్రం తెప్పించే స్తోమత మాకు లేదు, చేత్తోనే వెయ్యాలి. మే నెల ఎండ కాబట్టి తెల్లవారుజామున మూడింటికే మిక్సరు తిరిగేది.

మొదటి అర వేసిన ఉదయం నా కళ్ళముందే ఉంది. గట్టిగా కలిపిన కాంక్రీటు వంపు మీద నిలబడినట్టే నిలబడి మెల్లగా కిందికి జారింది, నడుము దగ్గర ఉబ్బింది. బెంగళూరు కుర్రాళ్ళు ఇంకాస్త నీళ్ళు తగ్గిద్దామన్నారు. మేస్త్రి ఏమీ మాట్లాడకుండా పైభాగం మొత్తం తీయించేశాడు. కింద రెండడుగులు మాత్రం వేసి, బద్దతో వంపు లాగి, బీడీ వెలిగించుకొని కూర్చున్నాడు. కాసేపటికి లేచి బొటనవేలితో నొక్కాడు. గుంట పడలేదు, ముద్ర మాత్రం పడింది. "ఇప్పుడు మోస్తాది" అని పైభాగం వేయించాడు. ముందు చెక్కతో, ఆపైన ఇనుప తాపీతో, అడ్డంగా వేసిన నిచ్చెన మీద బోర్లా పడుకొని చాలాసేపు మెత్తాడు. చివరికి చెయ్యి తిప్పి వేళ్ళ వెనకభాగాన్ని వంపు పొడవునా నడిపించాడు. అరచేతి కంటే అక్కడే గరుకు ఎక్కువ తెలుస్తుందని అతని నమ్మకం. 50 మిల్లీమీటర్ల చక్రానికి ఇసుక గింజంత బొడిపె చాలు, పిల్లవాడు ముందుకు పడతాడు. అలాంటివి ఆ వేళ్ళకు తగిలిన ప్రతిచోటా మళ్ళీ తాపీ తిరిగింది.

తడపడం పిల్లల పని. వంపుల మీద గోనెసంచులు కప్పి పొద్దునా సాయంత్రం బిందెలతో నీళ్ళు పోశారు. అడుగున నీళ్ళు నిలబెట్టాం, అందులో చిన్నవాళ్ళు కాగితప్పడవలు వదిలారు. మా నాన్న రాజపాళయం నుంచి రోజూ ఫోను. "పది రోజులన్నారని పదో రోజు ఆపెయ్యకురా, ఎండ చూశావుగా" అనేవారు. ఆపలేదు.

ఆ ఏడాది డిసెంబరులో మిగ్‌జాం తుపాను వచ్చింది. బాపట్ల దగ్గర తీరం దాటేముందు చెన్నైని ముంచెత్తింది. వాన వెలిశాక వెళ్ళి చూస్తే గుంట నిండా నీళ్ళు. అడుగున పెట్టిన గొట్టం మూతికి చెత్త అడ్డుపడింది. ఇద్దరు పిల్లలు మునిగి దాన్ని లాగేశారు. మధ్యాహ్నానికి నీళ్ళన్నీ బయటికి పోయాయి. నేను టార్చి పట్టుకొని అంచంచూ వెతికాను. వెంట్రుకవాసి బీట కూడా లేదు. సాయంత్రానికి పెద్దావిడ మనవరాలు పావడా ఎగదోపుకొని, చెప్పుల్లేని కాళ్ళతో, పై అంచు నుంచి దిగింది. పక్క గచ్చు మీద చేపలు పరుస్తున్న ఆడవాళ్ళు పని ఆపి చూశారు.

ఇక మా రాజపాళయం వాళ్ళకు ఒక మాట. మన ఊరివాడైన పి.ఎస్. కుమారస్వామి రాజా 1949 నుంచి 1952 దాకా మద్రాసు ముఖ్యమంత్రిగా ఉన్నారు. తానుంటున్న ఇంటినే ఊరికి రాసిచ్చేశారు, అదే ఇవాళ్టి గాంధీ కలై మన్రం. అద్దెకు ఇవ్వలేదు, వారానికి రెండు పూటలని షరతు పెట్టలేదు. సిమెంటు మనదే, మేస్త్రులు మనకూ ఉన్నారు, పిల్లలు ఎటూ రోడ్డు మీద లారీల మధ్య చక్రాలు తొక్కుతున్నారు. సముద్రం లేకపోవడం మనకు మేలే, ఊచకు తుప్పు భయం తక్కువ. విశాఖ, కాకినాడ, బందరు జాలరిపేటల పెద్దలకూ ఇదే మనవి. నలభై అడుగుల వెడల్పు, అరవై అడుగుల పొడవు చాలు. అది మున్సిపాలిటీ పేరు మీదో పంచాయతీ పేరు మీదో ఉండాలి, గేటూ టికెట్టూ ఉండకూడదు. స్థలం చూపించండి. నక్షా నేను గీసిస్తాను, పని దగ్గరుండి చేయిస్తాను, నాకేమీ ఇవ్వక్కర్లేదు.