సీటు వేరు, గది వేరు



బషీర్‌బాగ్ చౌరస్తాలో బాబూ జగ్జీవన్ రామ్ విగ్రహం దగ్గర నిలబడి ఒకసారి చుట్టూ చూడండి. పక్కనే నిజాం కాలేజీ, 1887లో పెట్టింది. ఉస్మానియా అంటే మనకు ఆర్ట్స్ కాలేజీ మెట్లు గుర్తొస్తాయి గానీ, 1919 ఆగస్టు 28న దాని మొదటి క్లాసులు జరిగింది ఇక్కడే, నిజాం కాలేజీని ఆనుకుని గన్‌ఫౌండ్రీలో. ఇక్కణ్నుంచి ఆబిడ్స్ వైపు ఇరవై నిమిషాలు నడిస్తే గోల్డెన్ త్రెషోల్డ్, సరోజినీ నాయుడు ఇల్లు. 1974లో పుట్టిన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ గచ్చిబౌలికి పోకముందు ఆ ఇంట్లోనే నడిచింది. రెండు పెద్ద యూనివర్సిటీలు ఈ కాస్త దూరంలోనే నడక నేర్చుకుని, తర్వాత ఎకరాలకు ఎకరాలు దక్కించుకున్నాయి.

ఇప్పుడు ఏ యూనివర్సిటీ బ్రోషరు తీసినా వైవిధ్యం అనే మాట కనిపిస్తుంది. ప్రతి విద్యార్థినీ అతనిలా అతన్ని ఆహ్వానిస్తారట. నేను బ్రోషరు చూడను, హాస్టల్ రిజిస్టరు చూస్తా. సీటు మనకు రాజ్యాంగం ఇచ్చింది, యూనివర్సిటీ దయతో కాదు. మనిషి తనలా తాను బతికేది మాత్రం గదిలో. గోడ మీద ఎవరి ఫొటో, కంచంలో ఏం కూర, అర్ధరాత్రి ఏం వాదన, అదంతా గది సంగతి. అందుకే మన తీరు నచ్చనప్పుడు పెద్దసార్ల చెయ్యి ముందు గది తాళం మీదికే పోతుంది.

ఇది మనతో మొదలైంది కాదు. 1938లో ఉస్మానియా హాస్టళ్లలో విద్యార్థులు వందేమాతరం పాడారు. వద్దన్నారు, వీళ్లు వినలేదు. హాస్టళ్ల నుంచి, తర్వాత చదువు నుంచే గెంటేశారు. సమ్మె వరంగల్ కాలేజీ దాకా పాకింది. పి.వి. నరసింహారావు లాంటివాళ్లు నాగపూర్ యూనివర్సిటీకి పోయి డిగ్రీలు తెచ్చుకున్నారు. ఆ పాట మీద నాకు వేరే అభిప్రాయాలున్నాయి, అవి ఇంకోసారి. వాళ్లకు జరిగింది మాత్రం అన్యాయమే. కానీ ఒకటి గమనించండి. ఒక తలుపు మూసుకుంటే బండెక్కి ఇంకో ఊళ్లో ఇంకో తలుపు తట్టగలిగినవాళ్లు వాళ్లు. మన పిల్లలకు నాగపూర్ ఎక్కడుంది? (1956లో బాబాసాహెబ్ చూపించిన నాగపూర్ వేరే, దానికి హాస్టల్ లేదు.)

భాష సంగతి కూడా అంతే. ఒక భారతీయ భాషలో మొత్తం ఉన్నత చదువు చెప్పొచ్చని దేశంలో మొదట నిరూపించింది ఉస్మానియా. అది చిన్న పని కాదు. అయితే ఆ భాష ఉర్దూ. పక్క గోడకు అవతల నిజాం కాలేజీ 1947 దాకా మద్రాసు యూనివర్సిటీ కింద ఇంగ్లీషులో నడిచింది. గోడకు ఇవతల ఒక భాష, అవతల ఒక భాష. మా తాత మాట్లాడే తెలుగుకు రెండు వైపులా క్లాసురూము లేదు. ఉన్నా మా తాత పోయేవాడు కాదనుకోండి, బడే లేదు వాడలో.

నా గది సంగతి చెప్తా. యూనివర్సిటీ పేరు ఎందుకులే. ఎస్సీ హాస్టల్లో నేల మీద వరసగా పడుకుని చదువుకున్నవాణ్ని నేను. పీజీలో మొదటిసారి నాకంటూ ఒక మంచం, ఒక బల్ల, గోడలో సగం దొరికాయి. ట్రంకు పెట్టెలోంచి తీసి ముందు తగిలించింది అంబేడ్కర్ ఫొటో. నాలుగో రోజు నా రూమ్మేట్ గది మార్చమని దరఖాస్తు పెట్టాడు. వార్డెన్ నన్ను పిలిచి చాలా మెత్తగా చెప్పాడు: "ఫొటో లోపల పెట్టుకోవయ్యా, ఎవరు వద్దన్నారు, గొడవెందుకు?" తిట్టినా ఇంత గుర్తుండేది కాదేమో. నువ్వు ఉండొచ్చు, నువ్వెవరివో మాత్రం పెట్టెలో పెట్టు అని ఆ మాటకు అర్థం.

ఫొటో తియ్యలేదు. రూమ్మేట్ పోయాడు. ఖాళీ అయిన మంచం మీదికి మా జిల్లా అన్న ఒకాయన నాన్ బోర్డర్‌గా వచ్చి రెండేళ్లున్నాడు. నాకు వచ్చిన ఇంగ్లీషు అంతా ఆయన చెప్పిందే. ఒక్క మెస్ కార్డు మీద ఇద్దరం తిన్నాం. నాన్ బోర్డర్లు హాస్టళ్లను పాడు చేస్తున్నారని ఎవరైనా వ్యాసం రాస్తే నాకు ఆయనే గుర్తొస్తాడు.

1953 జనవరి 12న ఉస్మానియా బాబాసాహెబ్‌కు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. గర్వపడదాం. 2012 ఏప్రిల్ 15న, ఆయన జయంతి మరునాడు, అదే క్యాంపస్‌లో మన పిల్లలు తమ ఇంటి కూర, పెద్దకూర, అందరి ముందు వండుకుని తిన్నారు. రాళ్లు పడ్డాయి, కత్తిపోటు పడింది, టియర్ గ్యాస్ వచ్చింది. ఆయనకు పట్టా ఇవ్వడానికి ఇబ్బంది లేకపోయింది. ఆయన మనుషుల కంచం దగ్గరే ఇబ్బంది.

గచ్చిబౌలికి వస్తే, 2002లో చీఫ్ వార్డెన్‌తో గొడవలో పది మంది దళిత విద్యార్థులను రస్టికేట్ చేశారు. 2015 చివర్లో ఐదుగురిని హాస్టల్ నుంచి బహిష్కరించారు. క్లాసుకు రావొచ్చు, హాస్టల్‌కు రావద్దు, నలుగురు కూడే చోట కనబడొద్దు. ఊరికీ వాడకూ మధ్య ఉండే కట్టుబాటును ఇంగ్లీషులో టైపు చేసి సంతకం పెట్టారంతే. 2016 జనవరి మొదట్లో ఆ ఐదుగురూ పరుపులు, అంబేడ్కర్ ఫొటో మోసుకుని వచ్చి షాపింగ్ కాంప్లెక్స్ దగ్గర ఆరుబయట పడుకున్నారు. ఆ చోటుకు వెలివాడ అని వాళ్లే పేరు పెట్టారు. నేను చూసిన యూనివర్సిటీ పేర్లలో అంత నిజాయితీ గల పేరు ఇంకోటి లేదు. జనవరి 17న రోహిత్ వేముల మనకు లేకుండా పోయాడు. కార్ల్ సాగన్‌లా సైన్స్ రాయాలనుకున్నవాడు. చుక్కల గురించి రాయాల్సినవాణ్ని కులం సర్టిఫికెట్ దగ్గర ఆపి, చచ్చిపోయాక కూడా ఏళ్ల తరబడి అది అసలుదా కాదా అనే మాట్లాడారు.

మళ్లీ బషీర్‌బాగ్. 2022 నవంబరులో నిజాం కాలేజీ డిగ్రీ అమ్మాయిలు క్లాసులు వదిలి ధర్నాకు కూర్చున్నారు. కొత్తగా కట్టిన హాస్టల్ పీజీ వాళ్లకన్నారు. డిగ్రీ పిల్లలు ఎక్కడుండాలి? పద్దెనిమిదేళ్ల పిల్ల నగరంలో ప్రైవేటు హాస్టల్‌కు నెల నెలా కట్టలేకపోతే మరుసటి నెల ఊళ్లో ఉంటుంది, ఆ తర్వాత పెళ్లి పందిట్లో ఉంటుంది. సగం మీకు, సగం వాళ్లకు అన్నారు. అమ్మాయిలు లేవలేదు. మంత్రులు కలగజేసుకున్నారు. చివరికి బిల్డింగు మొత్తం డిగ్రీ వాళ్లకే రాసిచ్చారు. ఆ రోజుల్లో ఆ గేటు దగ్గర ప్లకార్డులు పట్టుకున్న పిల్లలను చూసి నాకు అసూయ పుట్టింది. వాళ్లు బతిమాలలేదు, మాకు ఉండటానికి చోటు కావాలి అన్నారు, అంతే.

వచ్చే ఆదివారం ఫెలోషిప్పుల గురించి రాస్తా. రోహిత్‌కు 2015 జులై నుంచి రాలేదు. అక్కణ్నుంచే మొదలుపెడదాం. మీలో ఎవరికైనా నెలల తరబడి ఆగిపోయి ఉంటే, ఏ నెల నుంచి ఆగిందో రాసి పంపండి. పేర్లు బయట పెట్టను.