ఒళ్ళు తగ్గితే అడిగే ఊరు

మా కొండ ఊళ్ళలో మనిషి చిక్కిపోతే అందరూ అడుగుతారు, ఒళ్ళు చేస్తే ఎవరూ అడగరు. చిక్కడం అంటే మాకు మలేరియా జ్వరం, క్షయ, వానాకాలపు ఆకలి. మేము పనిచేసే ఆశ్రమ పాఠశాలలోనూ పిల్లల బరువు తూచి రిజిస్టరులో రాస్తాం. అంకె పెరిగితే సంతోషం, తగ్గితే ఏఎన్ఎమ్‌కు కబురు. అందుకే మా చెల్లి బరువు తగ్గాలని డాక్టరమ్మ చెప్పినప్పుడు మా ఇంట్లో ఎవరికీ ఆ మాట మింగుడుపడలేదు.

చెల్లికి రొమ్ము క్యాన్సర్. ఆపరేషన్ అయింది, 21 రోజులకొకటి చొప్పున 8 కీమోలు, ఆ తర్వాత కరెంటు. పాడేరు ఘాట్ దిగి విశాఖకు ఎన్నిసార్లు వెళ్ళామో లెక్కలేదు. క్యాన్సర్ అంటే మనిషి ఎండిపోతారని విన్నాం గానీ, చెల్లి 51 కిలోల నుంచి 62కి వచ్చింది. కీమోతోపాటు వాంతులు రాకుండా ఇచ్చే స్టెరాయిడ్ ఆకలి పెంచుతుందట. మందులకు నెలసరి ముందే ఆగిపోయింది. పోడు చేసి, గెడ్డ నుంచి నీళ్ళు మోసిన మనిషి నీరసంతో ఏడాది ఇంటిపట్టునే ఉంది. చుట్టాలు వచ్చినప్పుడల్లా కోడి, గుడ్లు, బిస్కెట్లు, కూల్‌డ్రింకులు తెచ్చారు. ప్రేమ చూపడానికి మా వాళ్ళకు తిండి కన్నా దగ్గరి దారి లేదు.

"ఒళ్ళొచ్చింది, జబ్బు పోయినట్టే" అంది ఊరు. డాక్టరమ్మ లెక్క వేరు. చెల్లి గడ్డ ఈస్ట్రోజన్ హార్మోన్‌తో పెరిగే రకం. నెలసరి ఆగాక ఒంట్లోని కొవ్వు కూడా ఆ హార్మోన్‌ను తయారుచేస్తుంది. బరువు పెరిగితే ఆపరేషన్ వైపు చెయ్యి వాచే ప్రమాదమూ ఎక్కువే. "బక్కపడమని కాదమ్మా, నెలకు ఒక కిలో తగ్గినా చాలు" అంది.

తిండి దగ్గర కొత్తగా కొన్నదేమీ లేదు. ఉదయం చోడి అంబలి, మధ్యాహ్నం సామలన్నం, ఆకుకూర, చింతపల్లి వైపు పండే రాజ్మా గింజలు. 2023ని ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరం అంది. మా అమ్మకు ఆ సంగతి తెలీదు, చిన్నప్పటి నుంచీ సామలు దంచుతూనే ఉంది. అయితే ఒక మాట. సామలైనా చోళ్ళైనా కుండెడు తింటే ఎవరూ తగ్గరు. గుట్టలా పెట్టే అన్నంలో రెండు గరిటెలు తీసి, ఆ చోట గింజలు, గుడ్డు పెట్టాం. జీలుగు కల్లు దగ్గర మాత్రం పెద్ద గొడవైంది. మత్తు పానీయం ఏదైనా రొమ్ము క్యాన్సర్ ముప్పు పెంచేదే అని డాక్టరమ్మ చెప్పింది. పండక్కి తాగకపోతే దేవతకు కోపమని పెద్దలన్నారు. చివరికి చెల్లి నేల మీద నాలుగు చుక్కలు వదిలి డొప్ప పక్కవాళ్ళకిచ్చింది.

అన్నిటికన్నా కష్టం నడక. రోజుకు అరగంట, వారానికి 5 రోజులు నడవాలి. మోత లేకుండా, పని లేకుండా నడిచే మనిషిని మా ఊరు ఎప్పుడూ చూడలేదు. "ఎక్కడికి పోతున్నావు?" అని ప్రతి గుమ్మం అడిగేది. చెల్లి ఒక ఖాళీ బుట్ట చంకన పెట్టుకుని నడవడం మొదలెట్టింది. ఇక ఎవరూ అడగలేదు. చేతి కోసం మట్టిగోడ మీద వేళ్ళను పైకి పాకించేది. ఎంత వరకు అందిందో మేము బొగ్గుతో గీత గీసేవాళ్ళం. ఆ గీతలను మా చిన్నపిల్లలు మెట్లంటారు.

58 కిలోలకు దిగేసరికి సంతలో గుసగుసలు. "తిరగబెట్టింది" అన్నారు. దిసారిని పిలవమన్నారు. అమ్మ రాత్రి ఏడ్చి, పొద్దున్నే పళ్ళెంలో అన్నం గుట్ట పోసింది. చెల్లి ఆ గుట్టను సగం తీసి, అమ్మ చెయ్యి పట్టుకుని బడికి తీసుకొచ్చి, బరువు మిషన్ ఎక్కి అంకె చూపించింది. "నేను దించుతున్నాను, అది దిగిపోవడం లేదు" అంది. ఈ తేడా మన టీచర్లకూ తెలియాలి. ప్రయత్నం లేకుండా, బాగా తింటున్నా బరువు పడిపోతుంటే, కొత్త గడ్డో, ఆగని దగ్గో, ఎముక నొప్పో ఉంటే, తరువాతి చెకప్ వరకు ఆగకూడదు. చెల్లికి ఇవేవీ లేవు.

ఇప్పుడు 55. రోజూ వేసుకునే మాత్ర ఇంకా మూడేళ్ళు ఉంది. మొన్న ఇటుకల పండుగకు థింసా వరుసలో నిలబడింది. ఆపరేషన్ వైపు చెయ్యి పక్కామె వీపు వెనక నుంచి పోనిచ్చి రెండు పాటలు ఆడింది. చెయ్యి బరువెక్కిందని బయటికొచ్చి కూర్చుంది. మూడో పాటకు మళ్ళీ లేచింది.