డోలీ లెక్కతో వంతెన లెక్క

పాలిటెక్నిక్‌లో చేరిన మన తమ్ముళ్లు, చెల్లెళ్లు చాలామంది ఇంజనీరింగ్ మెకానిక్స్ దగ్గరే ఆగిపోతున్నారు. ఆ ఒక్క పేపర్ మిగిలిపోయి చదువు మానేసినవాళ్లు మా బ్యాచ్‌లోనే ఉన్నారు. అందుకే పోస్టు పొడుగైనా రాస్తున్నాం.

హాస్టల్లో మేం వెదురు బద్దలతో ట్రస్ వంతెన మోడల్ చేశాం. ఒక్కో పక్క ఒకే పొడవున్న ఏడు బద్దలు: కింద రెండు, పైన ఒకటి, ఏటవాలుగా నాలుగు. మొత్తం మూడు త్రిభుజాలు. నాలుగు బద్దల చట్రం చేత్తో నెడితే ఒరిగిపోతుంది, త్రిభుజం ఒరగదు. రాజమండ్రిలో 1974లో తెరిచిన రోడ్డు కం రైలు వంతెన మీద రైల్లో వెళ్తే కిటికీ పక్కన కనిపించే ఇనుప త్రిభుజాలూ ఈ జాతివే.

రెండు పక్కలనీ అడ్డపుల్లలతో కలిపి, స్టూళ్ల మీద పెట్టి, నడిమధ్యన 24 కిలోల ఇసుక వేలాడదీశాం. ఒక్కో పక్కకి 12 కిలోలు. డోలీ మోసినవాళ్లకి తర్వాతి మెట్టు చెప్పక్కర్లేదు. మనిషి మధ్యలో ఉంటే ముందువాడికి సగం, వెనకవాడికి సగం. ఇక్కడా ఒక్కో చివర 6 కిలోలు. పుస్తకంలో దీన్నే రియాక్షన్ అంటారు, అంతే.

ఇక ఒక్కో ముడి దగ్గర ఆగి చూడాలి. ముడి కదలట్లేదంటే దాని మీది బలాలన్నీ సరిపోయినట్టే. చివరి ముడిని స్టూలు 6 కిలోలతో పైకి నెడుతోంది. తిరిగి కిందికి నెట్టగలిగేది ఏటవాలు బద్ద ఒక్కటే. అది 60 డిగ్రీల వాలులో ఉంది కాబట్టి 6ని 0.866తో భాగిస్తే 6.93 కిలోల నొక్కుడు. కింది బద్దలో అందులో సగం, 3.46 లాగుడు. పై ముడికి వెళ్తే లోపలి ఏటవాలు బద్దలో 6.93 లాగుడు, పై బద్దలో 6.93 నొక్కుడు.

బరువు వేలాడేది కింద, ఎక్కువ కష్టం పైన! పైగా సన్నని బద్ద లాగితే ఓర్చుకుంటుంది గానీ నొక్కితే విల్లులా వంగుతుంది. బద్ద పొడవు రెట్టింపైతే వంగకుండా మోసే బరువు నాలుగో వంతుకి పడిపోతుంది. అందుకే నొక్కుడు పడే మూడింటికీ జంట బద్దలు కట్టాం. 24 కిలోలకి నిలిచింది. ఇసుక పెంచుతూ పోతే 31 దగ్గర చివరి ఏటవాలు బద్దే వంగింది. కింది బద్దలు చెక్కుచెదరలేదు.

మా ఊరి వాగు మీద వంతెన లేదు. వానాకాలం వస్తే డోలీయే. రేపు అక్కడ వంతెన కడితే ఏ కమ్మీ ఎందుకు అంత సన్నగా ఉందని అడిగేవాళ్లు ఊళ్లో ఒక్కరైనా ఉండాలి కదా.

దసరా సెలవుల్లో పేపర్ మిగిలినవాళ్లు రండి. బద్దలు మేం చీల్చి ఉంచుతాం, కాలిక్యులేటర్ మీరు తెచ్చుకోండి.