పుట్టలో ఎవరెవరు

ఆ ఆట ఆడాలంటే ఇరవై ముఖాల పాచిక ఒకటి కావాలి. భద్రాచలంలో ఏ షాపులో అడిగినా లూడో డబ్బా తీసి చూపించారు. చివరికి ఇరవై చింతగింజలు ఏరి, ఒక పక్క బండకు అరగదీసి, తెల్లగా వచ్చిన చోట పెన్నుతో ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు వేసి గుడ్డసంచిలో పోశాం. గింజ తీయడం, చూడడం, మళ్లీ సంచిలో వేసి కలపడం. మా డంజన్స్ అండ్ డ్రాగన్స్ అలా మొదలైంది.

మేమంటే నలుగురం. దుమ్ముగూడెం, చర్ల వైపు గూడేల నుంచి వచ్చిన కోయవాళ్లం. ఇద్దరం టీచర్లం, ఒకడికి హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం, అందరికన్నా చిన్నది ఇంకా పోటీ పరీక్షలకు చదువుతోంది. ఆటను తెచ్చింది హైదరాబాదు వాడే. సెలవులకు వచ్చినప్పుడల్లా వానకు కరెంటు పోయి చేయడానికి ఏమీ లేని రాత్రుల్లో ఆడేవాళ్లం.

తెలియనివాళ్లకు రెండు మాటలు చెప్పాలి. ఇందులో గళ్ల బోర్డు ఉండనక్కర లేదు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్లు ఒక్కొక్కరు ఒక్కో పాత్ర పట్టుకుని, తమ మనిషి ఏం చేస్తున్నాడో నోటితో చెప్తారు. అది జరుగుతుందో లేదో అనుమానం ఉన్నచోట పాచిక తేలుస్తుంది. అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తయారుచేసిన ఈ ఆట 1974లో మొదటిసారి అచ్చయింది. కథ నడిపేవాడికి ఉన్న పెద్ద పని రాకాసుల కోటను నింపడం. ఏ గదిలో ఎవరుంటారు, ఎంతమంది, వాళ్ల దగ్గర ఏముంది, తలుపు తీస్తే ఏం చేస్తారు, ఇవన్నీ ముందే రాసిపెట్టుకోవాలి.

మేం మొదట సొంతంగా ఏమీ రాయలేదు. గైగాక్సే రాసిన ‘ద కీప్ ఆన్ ద బోర్డర్‌ల్యాండ్స్’ అనే చిన్న పుస్తకం పట్టుకున్నాం. కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం ఒకప్పుడు ఆట పెట్టెలోనే పెట్టి ఇచ్చిన పుస్తకం అది. నాగరికులుండే సరిహద్దు కోట ఒకటి. దానికి అవతల అడవి. అడవిలో ఒక లోయ, లోయకు రెండు పక్కలా గుహలు. ఒక గుహలో కోబోల్డులు, రెండు గుహల్లో ఓర్కులు రెండు గుంపులుగా, ఇంకా గాబ్లిన్లు, హాబ్‌గాబ్లిన్లు, బగ్‌బేర్లు, దుమ్ములగొండి లాంటి నోల్‌లు. దారి తప్పించే సొరంగాల్లో ఎద్దు తలతో మినోటార్. ఒక చోట చీకటి దేవతల గుడి. వీరులు సరిహద్దు కోటలోంచి బయల్దేరి, గుహ తర్వాత గుహ దూరి, ఉన్నవాళ్లను కొట్టి, బంగారం తెచ్చుకోవాలి. తెచ్చుకున్న బంగారాన్ని బట్టి కూడా వీరుల అనుభవం పెరుగుతుంది.

పుస్తకం మంచిదే, ఆ మాట దాచుకోం. ఒక్క చోటనే ఇంత రకరకాల జీవుల్ని పెట్టి, వాళ్ల మధ్య తగాదాలు, పొత్తులు కూడా పెట్టాడు గైగాక్స్. గాబ్లిన్ల గుహ పక్కనే ఓగర్ అనే భారీ మనిషి ఉంటాడు. తమ మీదికి ఎవరైనా వస్తే గాబ్లిన్లు రహస్య ద్వారంలోంచి వాడికి బంగారు నాణేల మూట విసురుతారు, వాడొచ్చి వాళ్ల తరఫున కొడతాడు. ఆ ఒక్క మూటతో రెండు గదులు ఒక ఊరయ్యాయి. కోట నింపడం అంటే ఏమిటో మాకు మొదట తెలిసింది అక్కడే.

మొదటి రాత్రి కోబోల్డుల గుహలో గెలుపు మీద గెలుపు. గింజలు కూడా మా పక్షానే పలికాయి. కేకలకు పక్కింటివాళ్లు లేచారు. తర్వాత ఒక పెద్ద గది వచ్చింది. కథ నడుపుతున్నవాడు ఫోన్ వెలుతురులో చదివాడు: ఇక్కడ ఇంతమంది ఆడవాళ్లు, ఇంతమంది పిల్లలు. పుస్తకంలో అంకెలతో సహా ఉంది.

మాలో చిన్నది సంచి కింద పెట్టేసింది.

“వీళ్లనేం చెయ్యాలి అన్నా?”

అన్న దగ్గర జవాబు లేదు. పుస్తకంలో ఉన్నదల్లా లెక్క. ఇంకో సంగతి కూడా అప్పుడే మా కంట్లో పడింది. ఆ గుంపుల్ని పుస్తకం పిలిచే మాట ట్రైబ్. మా కుల సర్టిఫికెట్‌లో ఉన్న మాటే. ఆ రాత్రి ఆట అక్కడే ఆగింది. ఎవరం పెద్ద ఉపన్యాసాలేమీ ఇచ్చుకోలేదు. ఒకడు మాత్రం, “మనం ఏ పక్క నుంచి గుహలోకి వచ్చాం రా?” అన్నాడు. అంతే.

దుమ్ముగూడెంలో పుట్టినవాళ్లకు ఆ ప్రశ్న కొత్తది కాదు. రాముడు ఖరదూషణులనూ వాళ్ల వెంట వచ్చిన 14,000 మంది రాక్షసులనూ చంపిన చోటు ఇదేనని, వాళ్ల బూడిద మీద లేచిన ఊరు గనుకే ఆ పేరు వచ్చిందని స్థలపురాణం చెప్తారు. పర్ణశాలకు వచ్చే యాత్రికులు ఆ కథ వింటూ ఇటుగా పోతారు. చిన్నప్పుడు మేమూ విన్నాం, రాముడి పక్కన నిలబడే విన్నాం. పెద్దయ్యాక మాలో ఒకడికి వేరే సందేహం పట్టుకుంది: పద్నాలుగు వేల మంది ఏం తినేవాళ్లు? ఏ వాగు నీళ్లు తాగేవాళ్లు? వాళ్ల సంత ఏ రోజు?

న్యాయంగా చెప్పాలంటే వాల్మీకి లంకను అలా వదిలెయ్యలేదు. సుందరకాండలో హనుమంతుడు రాత్రిపూట లంకలో తిరుగుతుంటే ఒక ఇంట్లో వేదం చదువుతున్న రాక్షసులు వినిపిస్తారు. అందమైనవాళ్లు, కురూపులు, మరీ లావూ మరీ సన్నమూ కానివాళ్లు కనిపిస్తారు. సీతకు కాపలా ఉన్నవాళ్లలోనే త్రిజట ఉంది. రావణుడి ఇంట్లోనే విభీషణుడు ఉన్నాడు. కోటను ఎలా నింపాలో నేర్చుకోవాలంటే సుందరకాండ మంచి పాఠం. యుద్ధం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎక్కడైనా లెక్కలే మిగులుతాయి.

ఆ తర్వాతి సెలవుల్లో కోపంతో ఒక కోట రాశాం. అందులో రాకాసులందరూ మంచివాళ్లు, వచ్చిన వీరులు దుర్మార్గులు. ఒక్క గంటలో ఆట చచ్చిపోయింది. ప్రతి గదిలోనూ ఒకే రకం మనుషులు, ఒకే రకం కన్నీళ్లు. భయం లేదు, బేరం లేదు, అబద్ధం ఆడేవాడు లేడు. మనవాళ్లందరూ మంచివాళ్లని రాసినా, అందరూ చెడ్డవాళ్లని రాసినా, రాసినవాడు గుహ లోపలికి వెళ్లి చూడలేదనే అర్థం. మా గూడెంలో అప్పు ఎగ్గొట్టేవాడు లేడా? కల్లు తాగి పెళ్లాన్ని కొట్టేవాడు లేడా? అర్ధరాత్రి పాము కరిచిన వేరే ఊరివాణ్ని భుజాన వేసుకుని రోడ్డు దాకా మోసుకెళ్లింది కూడా వాడేనాయె.

దారి దొరికింది ఒక పుట్ట దగ్గర. తొలకరికి ఉసిళ్లు లేచిన సాయంత్రం. మాలో ఒకరి మేనమామ దీపం కింద బేసిన్‌లో నీళ్లు పెట్టి ఉసిళ్లు పడుతూ పుట్ట సంగతి చెప్తున్నాడు. కట్టేది చెదలు. ఖాళీ అయిన అరల్లో పాము దూరుతుంది. ఉడుము వచ్చి పుట్టలో గుడ్లు పెట్టి పోతుంది. పాము కోసం ముంగిస తిరుగుతుంది. చెదల కోసం ఎలుగు వచ్చి గోళ్లతో తవ్వి, మూతి పెట్టి పీలుస్తుంది. వానాకాలం ఉసిళ్ల కోసం మనం వెళ్తాం. కొందరు పసుపు కుంకుమ పెట్టి పాలు పోసి వస్తారు. అన్నీ ఒకేసారి ఇంట్లో ఉండవు, ఎవరి వేళ వాళ్లది.

మామకు తెలియదుగానీ, కోటను నింపే విద్య అంతా అందులోనే ఉంది. మేం ఇంటికి వచ్చి పాత నోట్సు చింపేసి కొత్తగా మొదలుపెట్టాం. ఈసారి జీవుల జాబితాతో కాకుండా నీళ్లతో మొదలుపెట్టాం. కొండ మీది పాత కోటలో ఊట ఎక్కడుంది? ఊట దగ్గర ఎవరుంటే వాళ్లకే బలం. కోట కట్టినవాళ్లు ఎప్పుడో పోయారు. ఇప్పుడున్నవాళ్లంతా తర్వాత చేరినవాళ్లే. ఊట దగ్గర హాబ్‌గాబ్లిన్ల కాపలా, వాళ్లకు క్రమశిక్షణ ఎక్కువ. గాబ్లిన్లు కుండ నీళ్లకు ఇన్ని కట్టెలని ఇస్తారు. నేలమాళిగలో కోబోల్డులు. వాళ్లు చిన్నవాళ్లు కాబట్టి ఎవరూ దూరలేని సందుల్లో దూరి కోట గోడలు కూలకుండా చూస్తారు, అందుకే వాళ్ల జోలికి ఎవరూ వెళ్లరు. పై బురుజులో గబ్బిలాలు, వాటి రెట్టను కింది చేలకు అమ్మే ముసలి ఓర్కు ఒకడు. వాడు తన గుంపులోంచి తగాదాపడి వచ్చినవాడు. సగం చీకటి మెట్ల కింద గుడ్లగూబ ముఖమూ ఎలుగు ఒళ్లూ ఉన్న ఔల్‌బేర్. దానికి ఎవరితోనూ ఒప్పందం లేదు. పిల్లలు పెట్టే కాలంలో ఆ మెట్లు అందరికీ మూతే, కోట నాయకుడికి కూడా.

రెండు గదులు ఊరికే ఖాళీగా వదిలాం. ఖాళీ గదికి కూడా కారణం రాశాం: అందులో ఎవరో చనిపోయారు, అందుకే ఎవరూ ఉండరు.

చెడ్డవాళ్లనూ పెట్టాం. కుండల లెక్క తప్పు రాసే హాబ్‌గాబ్లిన్ గుమాస్తా మాకు బాగా ఇష్టమైన రాకాసి. వాడి పాత్రకు ఎవరిని చూసి రాశామో మా నలుగురికే తెలుసు.

ఈ మార్పు మేమొక్కరమే చేశామని గొప్పలు పోవడం లేదు. ఆట అచ్చువేసే కంపెనీ కూడా ఓర్కుల వంటి జాతుల్ని పుట్టుకతోనే చెడ్డవాళ్లుగా చూపడం సరికాదని 2020లో ఒప్పుకుంది. 2024 నాటి ఆటగాళ్ల పుస్తకంలో ఓర్కు కూడా వీరుడిగా ఆడదగ్గ పాత్రే.

ఇక పిల్లల సంగతి. మాలో ఒకరు పనిచేసే ఆశ్రమ పాఠశాలలో ఆదివారం సాయంత్రాలు ఈ కోటను ఏడో తరగతి పిల్లల ముందు పెట్టాం. మ్యాపు నేల మీద సుద్దముక్కతో గీశాం. పిల్లలు చుట్టూ కూర్చుని అరగంట చూశారు. మొదటి ప్రశ్న ఒక బక్కపిల్లవాడిది.

“సార్, ఇంతమందికి వంట ఎవరు చేస్తారు?”

మా ముఖాలు చూడాలి అప్పుడు! నీళ్లు రాశాం, కట్టెలు రాశాం, గబ్బిలాల రెట్ట కూడా రాశాం. వంటగది రాయలేదు. హాస్టల్ పిల్లవాడికి మొదట కనిపించేది అదే. అక్కడికక్కడ ఒక గది చెరిపి వంటగది చేశాం. వంటమనిషి ఎవరో పిల్లలే తేల్చారు: మినోటార్. పెద్ద గిన్నెలు ఎత్తగలిగేది వాడొక్కడే కదా, అని వాళ్ల లెక్క. కొమ్ములకు గరిటెలు తగిలించుకుంటాడట. గైగాక్స్‌కు కూడా తట్టని రాకాసి.

రెండో ప్రశ్నకు మాత్రం మేం వారం తీసుకున్నాం. ద్వారం దగ్గర కాపలా ఉన్న కోబోల్డు ఏ భాష మాట్లాడుతుంది? అసలు ఆటలో ఓర్కులకు, గాబ్లిన్లకు, కోబోల్డులకు ఎవరి భాష వాళ్లకుంది. ఆ భాష వచ్చిన వీరుడే వాళ్లతో మాట్లాడగలడు. మా చిన్నది అంది, “కోయ మాట్లాడుతుందని పెడదాం.”

ఇద్దరం ఒప్పుకున్నాం. ఒకరు ససేమిరా అన్నారు. ఇప్పటికే అందరూ మనల్ని చూసే చూపు తెలుసు కదా, మన మాటను మనమే తీసుకెళ్లి రాకాసి నోట్లో పెడతామా, అని. ఆ మాటలో తప్పులేదు. ఆ బళ్లో కోయ మాట్లాడితే నవ్వులపాలైన పిల్లలున్నారు. ఇంట్లో అమ్మతో ఫోన్‌లో కోయలో మాట్లాడాల్సి వస్తే గొంతు తగ్గించి, గోడ వైపు తిరిగి మాట్లాడే పిల్లలున్నారు. మా చదువుకునే రోజుల్లో మేమూ అలాగే గోడ వైపు తిరిగాం. అభ్యంతరం చెప్పినవారిని చివరిదాకా ఒప్పించలేకపోయాం. ఒక్కసారి ఆడి చూద్దాం, పిల్లలు చిన్నబుచ్చుకుంటే తీసేద్దాం అన్న షరతు మీద వదిలారు.

ఆ ఆదివారం ఐదుగురు పిల్లల వీరులు ద్వారం దాకా వచ్చారు. బాగా మాట్లాడే ముగ్గురు తెలుగులో గట్టిగా అరిచారు. కాపలా కోబోల్డు ఈటె ఎత్తింది. ఒకడు వచ్చీరాని ఇంగ్లీషు ప్రయత్నించాడు. ఈటె ఇంకా ముందుకొచ్చింది. వెనక కూర్చున్న ఒక పిల్ల, బళ్లో హాజరు పలకడానికి తప్ప నోరు తెరవనిది, లేచి నిలబడి ఒక్క మాట అంది:

“ఏరు.”

తెలుగులో ఏరు అంటే వాగు. మా కోయలో నీళ్లు. ఆ పిల్ల నీళ్లడిగింది.

అందరూ తిరిగి చూశారు. ఒకరిద్దరు నవ్వబోయి, ఈటె దిగుతుందేమోనని ఆగిపోయారు. నియమం ప్రకారం గింజ తీయాలి. కాపలావాడు నమ్మాలంటే పది దాటాలి. ఆ పిల్లే సంచిలో చెయ్యిపెట్టి తీసింది. మూడు.

మూడంటే నమ్మడు. కథ నడుపుతున్న మేం ఆ మాట చెప్పడానికి నోరు తెరిచేలోపే గొడవ మొదలైంది. ఇందాక తెలుగులో అరిచినవాళ్లే ముందు లేచారు. నీళ్లడిగితే గింజ తీయడమేంటి సార్, నీళ్లడిగితే ఎవరైనా ఇస్తారు, గింజ చెల్లదు అని. వాళ్లలో ఒకడు కోయలోనే అనేశాడు ఆ మాట, గోడ వైపు తిరగకుండా. అభ్యంతరం చెప్పిన మా మనిషి మూలన కూర్చుని మ్యాపు వైపు చూస్తున్నారు.

గింజను సంచిలో వేసేశాం. కోబోల్డు ఈటె గోడకు ఆనించింది. అప్పుడు తెలిసింది, కాపలావాడి నీళ్లకుండ ఎక్కడుందో మ్యాపులో గీయలేదని. ఆ పిల్ల సుద్దముక్క అడిగి తీసుకుని ద్వారానికి ఎడమ పక్కన, నీడ పడే చోట, చిన్న సున్నా చుట్టింది.